ఎర్రగడ్డ సంతలో దొరికిన రేకు పెట్టె: సినిమాని చేత్తో కోసి అతికించిన రోజుల పనిముట్లు

ఈ రోజు నా ముందు టేబుల్ మీద ఒక రేకు పెట్టె ఉంది, చూస్తున్నారు కదా. పాత ట్రంకు పెట్టె కంటే చిన్నది, టిఫిన్ క్యారియర్ కంటే పెద్దది. మొన్న ఆదివారం ఎర్రగడ్డ సంతలో కొన్నాను. పన్నెండు వందలు చెప్పాడు, ఆరు వందలకి ఇచ్చాడు. లోపల ఏముందో అమ్మినాయనకి తెలీదు, నిజం చెప్పాలంటే నాకూ అప్పటికి సగమే తెలుసు.

ఎర్రగడ్డ సంత గురించి హైదరాబాద్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం ఒక మాట: ఆదివారం పొద్దున్నే రోడ్డు పక్కన పట్టాలు పరిచి, పాత మిక్సీ మోటార్ల దగ్గర్నుంచి పాత సుత్తుల దాకా అన్నీ కుప్పలు పోస్తారు. గురువారం అయితే పురానాపూల్ వైపు జుమ్మేరాత్ బజార్. రెండు చోట్లా ఒకటే రూల్. వస్తువు పేరు అమ్మేవాడికి తెలిస్తే ఒక రేటు, తెలియకపోతే ఇనుము రేటు. నా పెట్టె ఇనుము రేటుకి కాస్త పైన పోయింది, అంతే.

ఈ పెట్టెలో నుంచి ఒక వస్తువు తీసి చూపించి ఆయన అన్నది ఇది: "ఇది ఆఫీసు పంచింగ్ మెషిన్ అన్నా, జర స్ప్రింగ్ టైట్ అయింది, నూనె ఏస్తే పన్జేస్తది." ఇదిగో, ఇదే ఆ మెషిన్. చేతిలో పట్టేంత ఉంది, పైన ఒక హ్యాండిల్, కింద బల్లలాంటి సమతలం, ఆ బల్ల మీద వరసగా చిన్న చిన్న ఇనుప పళ్ళు. కాగితాలకి బెజ్జాలు వేసే మెషిన్ లాగే ఉంది, ఒప్పుకుంటాను. కానీ కాగితాల పంచింగ్ మెషిన్‌కి రెండు బెజ్జాలు చాలు. దీనికి ఇన్ని పళ్ళెందుకు? పైగా పక్కన ఈ టేపు చుట్ట తగిలించే మేకు ఎందుకు?

నేను ఇంటికొచ్చి కింది రేకు విప్పాను. లోపల చిన్న చిన్న ముక్కలు రాలాయి. కాగితం ముక్కలు కావు. పారదర్శకమైన ప్లాస్టిక్ టేపు ముక్కలు, ఒక్కోటీ నువ్వుగింజ అంత. అక్కడ విషయం అర్థమైంది. ఇది సినిమా ఫిల్మ్‌ని అతికించే స్ప్లైసర్. ఎడిటింగ్ రూములో ఎడిటర్ కుడిచేతి పక్కన ఉండే వస్తువు. మీరు ఫోన్‌లో రీల్స్ ఎడిట్ చేసేటప్పుడు రెండు క్లిప్పుల మధ్య కత్తెర గుర్తు నొక్కుతారు కదా, ఆ కత్తెర గుర్తుకి నాన్నగారు ఇది.

అసలు ఇది ఇక్కడికెలా వచ్చింది అంటే, కాస్త వెనక్కి వెళ్ళాలి.

తెలుగు సినిమా మొదట్లో మన ఊళ్ళో పుట్టలేదని మీకు తెలుసు. స్టూడియోలూ, ల్యాబులూ, ఎడిటింగ్ రూములూ, కెమెరా అద్దెకిచ్చేవాళ్ళూ అందరూ మద్రాసులోనే. కోడంబాకం, వడపళని, సాలిగ్రామం పేర్లు పాత నటుల ఇంటర్వ్యూల్లో వినే ఉంటారు. హైదరాబాద్‌లో అమీర్‌పేట సారథి స్టూడియో 1950ల్లో వచ్చింది. 1959లో విడుదలైన "మా ఇంటి మహాలక్ష్మి" పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన తొలి తెలుగు సినిమా అని చెబుతారు. ఆ తర్వాత 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. అప్పుడు ఆ చుట్టుపక్కలంతా రాళ్ళగుట్టలే. తర్వాత కృష్ణగారి పద్మాలయ, రామానాయుడుగారి స్టూడియో, బంజారా హిల్స్‌లో ప్రసాద్ ల్యాబ్, వీటన్నిటి మధ్య ఫిల్మ్ నగర్ అనే కాలనీ, ఫిల్మ్ ఛాంబర్.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ స్టార్ల పేర్లు చెప్పి ఆపేస్తారు. నాకు అక్కడే చిన్న అసంతృప్తి. ఒక స్టూడియో ఊరు మారితే స్టార్ ఒక్కడే రాడు కదా. ఎడిటింగ్ అసిస్టెంట్ వస్తాడు, నెగెటివ్ కట్ చేసే మనిషి వస్తాడు, లైట్‌బాయ్ వస్తాడు, సెట్ వేసే వడ్రంగి వస్తాడు. వాళ్ళు కొండ మీద ఉండరు. కొండ కింద కృష్ణానగర్‌లో, యూసఫ్‌గూడలో అద్దెకుంటారు. వాళ్ళతోపాటు వాళ్ళ పనిముట్లూ వస్తాయి. జూబ్లీ హిల్స్ నుంచి ఎర్రగడ్డ ఎంత దూరం? కొండ దిగితే కొన్ని కిలోమీటర్లు. ఈ పెట్టె చేసిన ప్రయాణం అంతే.

సరే, మళ్ళీ స్ప్లైసర్ దగ్గరికి వద్దాం.

సినిమా ఫిల్మ్ వెడల్పు 35 మిల్లీమీటర్లు. రెండు అంచులకీ బెజ్జాలుంటాయి. ఒక్కో బొమ్మకి, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి, ఒక్కో పక్క నాలుగు బెజ్జాలు. సెకనుకి 24 ఫ్రేములు. ఒక అడుగు ఫిల్మ్‌లో 16 ఫ్రేములు. అంటే నిమిషానికి 90 అడుగులు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఇంకా పనికొస్తుంది.

షూటింగ్ అయ్యాక నెగెటివ్ ల్యాబ్‌కి వెళ్తుంది. అక్కడ దాన్ని కడిగి, ఒక పాజిటివ్ కాపీ తీస్తారు. దాన్ని రష్ ప్రింట్ అంటారు. ఎడిటర్ చేతికొచ్చేది అదే. ఎడిటర్ మూవియోలా మీదో స్టీన్‌బెక్ మీదో బొమ్మ చూసుకుంటూ, ఇక్కడ కట్ చేయాలి అనుకున్న ఫ్రేమ్ మీద మైనపు పెన్సిల్‌తో గీత పెడతాడు. అసిస్టెంట్ ఆ ఫ్రేమ్ ఈ స్ప్లైసర్ పళ్ళ మీద తగిలిస్తాడు. ఇదిగో ఈ పక్కనున్న బ్లేడు దించితే ఫిల్మ్ తెగుతుంది. తర్వాతి షాట్ మొదటి ఫ్రేమ్‌ని ఇటువైపు పళ్ళకి తగిలిస్తాడు. రెండూ ఒరుసుకునేలా పెట్టి, టేపు లాగి పైన వేసి, ఈ హ్యాండిల్ గట్టిగా కిందికి నొక్కుతాడు. అప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. టేపు అంచులు తెగిపోతాయి, ఫిల్మ్ బెజ్జాలున్న చోటే టేపుకీ బెజ్జాలు పడతాయి. నువ్వుగింజల్లాంటి ఆ ముక్కలు అలా రాలినవే. అంటే మా ఎర్రగడ్డ అన్న చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఇది పంచింగ్ మెషినే. కాకపోతే పంచ్ చేసేది కాగితాన్ని కాదు.

ఈ డిజైన్ ఇటలీది. లియో కటోజో అని ఒక ఎడిటర్. ఫెల్లినీ తీసిన "లా డోల్చే వీటా", "ఎయిట్ అండ్ హాఫ్" ఎడిట్ చేసింది ఆయనే. తన పనికోసం తనే తయారుచేసుకున్న పనిముట్టు ఇది. తర్వాత ప్రపంచమంతా వాడారు, ఆస్కార్ ఇచ్చే అకాడమీ దానికి సాంకేతిక విభాగంలో అవార్డు కూడా ఇచ్చింది. మన దగ్గర వాడినవాటిలో ఇటలీవి ఉన్నాయి, వాటిని చూసి చేసిన కాపీలూ ఉన్నాయి. ఒరిజినల్ మీద కంపెనీ గుర్తు పోతపోసి ఉంటుంది. నా దాని మీద ఏమీ లేదు. కాపీయే అయ్యుంటుంది. పని మాత్రం అదే.

దీని గొప్పతనం ఏంటంటే, టేపు పీకేయొచ్చు. నచ్చకపోతే పీకి, రెండు ఫ్రేములు కలిపి, మళ్ళీ అతికించొచ్చు. ఇప్పుడు మనం అన్‌డూ అంటామే, అదన్నమాట. దీనికి ముందు రష్ ప్రింట్‌ని కూడా జిగురుతో అతికించేవాళ్ళు. అతుకు విప్పిన ప్రతిసారీ ఫ్రేము పోయేది. పోయిన ఫ్రేము స్థానంలో నల్ల ఫిల్మ్ ముక్క పెట్టుకుని పని నడిపేవాళ్ళు. కాబట్టి మీకు ఇలాంటి స్ప్లైసర్ దొరికితే మొదట చూడాల్సింది బ్లేడు ఎన్ని అని. ఒకటి నిటారుగా ఉంటుంది, అది బొమ్మకి. కొన్నిటికి ఇంకొకటి ఏటవాలుగా ఉంటుంది, అది సౌండ్ టేపుకి. సౌండ్‌ని నిటారుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమని వినిపిస్తుంది, ఏటవాలుగా కోస్తే ఒక శబ్దం ఇంకోదాంట్లోకి మెల్లగా జారుతుంది. రెండు బ్లేడులూ ఉంటే అది సౌండూ బొమ్మా రెండూ చేసిన టేబుల్ మీద బతికిన స్ప్లైసర్.

రెండో వస్తువు చూడండి. ఇది కూడా స్ప్లైసరే, కానీ తీరు వేరు. బరువెక్కువ, టేపు పెట్టే చోటు లేదు. బదులుగా ఇక్కడ చిన్న గీకుడు బ్లేడు ఉంది, కింద కరెంటు వైరు ఉంది. దీన్ని చూసి ఒక ఫ్రెండ్ శాండ్‌విచ్ మేకర్ అన్నాడు. వేడెక్కుతుంది కాబట్టి మరీ తప్పనలేం!

ఇది సిమెంట్ స్ప్లైసర్. సిమెంట్ అంటే ఇల్లు కట్టే సిమెంట్ కాదు, ఫిల్మ్‌ని కరిగించి అతికించే ద్రావకం. ఫిల్మ్ మీద ఒక పక్క రసాయనపు పొర ఉంటుంది, బొమ్మ ఉండేది అందులోనే. ఆ పొరని ఈ బ్లేడుతో సన్నగా గీకాలి. గీకిన చోట ద్రావకం రాసి, రెండో ముక్కని దాని మీద కొంచెం ఎక్కించి అదమాలి. వేడి వల్ల త్వరగా ఆరుతుంది. అతికాక అది ఒకే ముక్క, ఇంక విప్పేది లేదు.

ఇది ఎక్కువగా నెగెటివ్ కటింగ్‌కి. ఎడిటర్ రష్ ప్రింట్ మీద సినిమా మొత్తం ఫైనల్ చేశాక, అదే కొలతల్లో ఒరిజినల్ నెగెటివ్‌ని కోయాలి. ఏ ముక్క ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? ఫిల్మ్ అంచున అడుగుకో నంబరు ఉంటుంది, ఎడ్జ్ నంబర్. నెగెటివ్ నుంచి అది రష్ ప్రింట్‌లోకి కూడా పడుతుంది. నెగెటివ్ కట్టర్ ఆ నంబర్లు చూసుకుంటూ, తెల్ల గ్లవుజులు వేసుకుని, ఒక్కో షాటూ వెతికి కోస్తాడు. ఒక్క ఫ్రేము అటుఇటైతే మళ్ళీ ఆ షాట్ తీయాలంటే సెట్ ఉండదు, సీజన్ ఉండదు, ఒక్కోసారి ఆ నటుడే ఉండకపోవచ్చు. కోట్ల రూపాయల సినిమా ఒక మనిషి బొటనవేలు కింద ఉండేది. ఆయన పేరు టైటిల్స్‌లో ఎంత చిన్న అక్షరాల్లో పడేదో, అసలు పడేదో లేదో, పాత సినిమా యూట్యూబ్‌లో పాజ్ చేసి మీరే చూడండి.

అందుకే పాత స్ప్లైసర్ చేతికొస్తే టేపుదా, గీకుడుదా అని చూడటం ముఖ్యం. టేపుది అంటే ఆలోచిస్తూ, మార్చుకుంటూ పనిచేసిన టేబుల్. గీకుడుది అంటే తిరుగులేని పని చేసిన టేబుల్. ఇంకో జాగ్రత్త: సంతలో దొరికే చిన్న స్ప్లైసర్లలో చాలావరకు ఇళ్ళల్లో వాడిన 8 లేదా 16 మిల్లీమీటర్ల ఫిల్మ్‌వి. స్కేలు పెట్టి చూడండి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఆ పళ్ళ మీద సరిగ్గా కూర్చునేలా ఉంటేనే సినిమాది.

మూడోది, నాకు బాగా నచ్చినది. పళ్ళచక్రాలు నాలుగు, ఒకే ఇరుసు మీద. పైన మూతల్లాంటి చేతులు, ముందు అంకెలు తిరిగే చిన్న మీటరు. దీన్ని చూస్తే చెరుకురసం మెషిన్‌కి చిన్న తమ్ముడిలా ఉంటుంది. పేరు సింక్రొనైజర్. ఒక చక్రం మీద బొమ్మ, పక్క చక్రం మీద మాటల సౌండ్ ట్రాక్, ఇంకో చక్రం మీద పాట, ఇంకోదాని మీద ఎఫెక్టులు. ఇరుసు ఒకటే కాబట్టి ఒకటి కదిలితే నాలుగూ కదులుతాయి. మీ ఎడిటింగ్ యాప్‌లో వీడియో కింద ఆడియో లేయర్లు వరసగా కనిపిస్తాయి కదా, ఆ టైమ్‌లైన్ ఒకప్పుడు ఇనుముతో చేసిన వస్తువు.

ఇది నిజంగా 35 మిల్లీమీటర్లదేనా అని తేల్చడానికి లెక్క ఉంది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే సరిగ్గా ఒక అడుగు ఫిల్మ్ నడవాలి. ఒక అడుగులో 16 ఫ్రేములు, ఫ్రేముకి 4 బెజ్జాలు, కాబట్టి చక్రానికి 64 పళ్ళు. చుట్టుకొలత అడుగైతే చక్రం అడ్డుకొలత సుమారు 97 మిల్లీమీటర్లు. నేను పళ్ళు లెక్కపెట్టాను, 64 ఉన్నాయి. 16 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో అయితే అడుగుకి 40 ఫ్రేములు, ఫ్రేముకి ఒకటే బెజ్జం, కాబట్టి 40 పళ్ళు. పనిముట్టు మీద పేరు లేకపోయినా పళ్ళు అబద్ధం చెప్పవు.

ఇక్కడే క్లాప్ బోర్డు సంగతి కూడా. క్లాప్ కొట్టడం పూజ రోజు ఫొటో కోసం అనుకుంటారు చాలామంది. బొమ్మ ఒక యంత్రంలో, శబ్దం ఇంకో యంత్రంలో రికార్డయ్యేవి. రెండు కర్రలూ కలిసిన ఫ్రేమునీ, సౌండ్‌లో టక్ అన్న చోటునీ ఈ సింక్రొనైజర్ మీద ఒకే గీతకి తెస్తే ఇంక షాట్ మొత్తం కుదురుతుంది. మన సినిమాల్లో చాలావాటికి సెట్‌లో రికార్డు చేసింది పైలట్ ట్రాకే, అసలు డైలాగులు తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో చెప్పేవాళ్ళు. కెమెరా చప్పుడు అలాంటిది మరి. అయినా పెదాలకి మాట కుదరాలంటే ముందు ఆ టక్ దొరకాలి.

నాలుగోది రివైండర్ హ్యాండిల్. దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బల్లకి బిగించి, చేత్తో తిప్పితే రీలు చుట్టుకుంటుంది. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే ఇరుసు అంతకంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఇంకో చేతి వేళ్ళ మధ్య ఫిల్మ్ అంచు పట్టుకుంటారు, ఎక్కడైనా బెజ్జం చిరిగితే వేలికి తగులుతుంది. సంతలో దీన్ని బావి గిలక హ్యాండిల్ అనో, కుట్టుమిషన్‌ది అనో అమ్ముతారు.

ఇప్పుడు ఇందాకటి లెక్క. రెండున్నర గంటల సినిమా అంటే 150 నిమిషాలు, నిమిషానికి 90 అడుగులు, మొత్తం 13,500 అడుగులు. మీటర్లలో సుమారు 4,115. పాత సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ వస్తుంది కదా, అందరం స్కిప్ చేసేదే. ఈసారి ఆపి చూడండి. నిడివి మీటర్లలోనో అడుగుల్లోనో రాసి, రీళ్ళు ఎన్నో రాసి ఉంటాయి. మీటర్లుంటే 27.4తో భాగించండి, నిమిషాలొస్తాయి. సినిమా బరువు ఉన్న వస్తువుగా ఉన్న రోజుల ఆనవాలు అది. ఒక్క ప్రింటు ముప్పై కిలోల దాకా తూగేది. డబ్బాలు బస్సులెక్కి, రైళ్ళెక్కి ఊళ్ళకి వెళ్ళేవి.

అయిదో వస్తువు లైట్ మీటర్. అరచేతిలో పట్టేది, తెల్లటి సగం బంతి, కింద ముల్లు, చుట్టూ తిరిగే అంకెల పళ్ళెం. దీనికి బ్యాటరీ పెట్టే చోటు లేదు. అందుకని పాడైపోయింది అనుకుని పారేస్తారు. ఇందులో సెలీనియం అనే పదార్థం ఉన్న పలక ఉంటుంది. వెలుతురు పడితే దానంతట అదే కొద్దిగా కరెంటు పుట్టించి ముల్లుని కదుపుతుంది. టెస్ట్ చాలా సింపుల్. కిటికీ దగ్గర పట్టుకోండి, ముల్లు లేవాలి. చేత్తో మూయండి, పడిపోవాలి. ఇదిగో, లేస్తోంది చూడండి. కరెక్ట్‌గా చూపిస్తోందా అంటే చెప్పలేను, సెలీనియం వయసుతో బలం తగ్గుతుంది. కానీ ప్రాణం ఉంది.

తెల్ల బంతి ఉన్నది సెకోనిక్ తరహా. నటుడి ముఖం దగ్గర పెట్టి, బంతిని కెమెరా వైపు తిప్పి, అక్కడ పడే వెలుతురు కొలుస్తారు. తేనెపట్టులా గళ్ళున్న గాజు ఉంటే అది వెస్టన్ తరహా, కెమెరా వైపు నుంచి వస్తువు మీదికి గురిపెట్టి చూసేది. స్టిల్ ఫొటోగ్రాఫర్లూ ఇవే వాడేవాళ్ళు కాబట్టి దొరికిన ప్రతి మీటరూ సినిమాదే అనుకోకండి. పళ్ళెం మీద సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్న గుర్తులు కూడా ఉంటే, సినిమాకి పనికొచ్చేలా చేసిందని అర్థం. అప్పట్లో కెమెరా పక్కన ఫలితం చూపించే మానిటర్ లేదు. "మాయాబజార్"లో మార్కస్ బార్ట్లీ చూపించిన వెన్నెల ఎలా వచ్చిందో ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చేదాకా ఎవరూ చూసింది లేదు. ఈ ముల్లూ, ఆయన కన్నూ, అంతే.

ఇక ఆరోది. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పెట్టె అడుగున మూరెడు ఫిల్మ్ ముక్క ఉంది. దుమ్ము, జిడ్డు, మధ్యమధ్యలో పసుపు గీతలు. తెచ్చిన రోజే ఉత్సాహంగా మెత్తటి గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచేశాను. పసుపు గీతలు మైనం, తేలిగ్గా పోయాయి. రెండ్రోజుల తర్వాత స్ప్లైసర్ గురించి చదువుకుంటుంటే తట్టింది, అవి ఎడిటర్ పెట్టిన గీతలు అని. ఎక్కడ కోయాలో, ఎక్కడ ఫేడ్ మొదలవ్వాలో, ఎక్కడ వద్దనుకున్నాడో చెప్పే గుర్తులు. అడ్డగీతా, ఏటవాలు గీతా, ఇంటూ మార్కా, ఇప్పుడు నాకే గుర్తులేదు. ఫోన్ జేబులోనే ఉంది, ఒక ఫొటో తీసి ఉంటే సరిపోయేది. ఆ మనిషి చేతిరాత లాంటిది అది, నేను తుడిచేశాను.

మిగిలినది ఏం చెబుతుందో చూద్దాం. ఫ్రేములో మనుషులు సన్నగా, పొడుగ్గా, రబ్బరు లాగినట్టున్నారు. ఫిల్మ్ పాడైపోలేదు. అది సినిమాస్కోప్. కెమెరా లెన్స్ బొమ్మని పక్కల నుంచి నొక్కి ఫిల్మ్ మీద పట్టిస్తుంది, థియేటర్లో ఇంకో లెన్స్ దాన్ని విడదీస్తుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు". కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. కాబట్టి తెలుగు సినిమా ముక్కలో మనుషులు సన్నగా ఉంటే అది 1974కి ముందుది కాదు. రంగు మొత్తం గులాబీలోకి తిరిగిపోయింది. పోస్టర్ల మీద గొప్పగా ఈస్ట్‌మన్ కలర్ అని వేసేవాళ్ళు కదా, ఆ కాలపు రంగుల ప్రింట్లు చాలావరకు ఇలాగే మారాయి. ముందు నీలం, పచ్చ వెలిసిపోతాయి, ఎరుపు మిగులుతుంది.

తర్వాత అంచులు చూడాలి. బొమ్మ పక్కన సన్నటి అలల గీత ఉంటే అది సౌండ్, అంటే థియేటర్‌కి వెళ్ళిన ప్రింటు. నా ముక్కలో అది లేదు, కాబట్టి ఎడిటింగ్ రూములో వాడిన రష్ ప్రింటు. బెజ్జాల మధ్య చుక్కల చుక్కల గళ్ళు కనిపిస్తే డాల్బీ డిజిటల్, 1992కి ముందు ప్రపంచంలోనే లేదు. అంచున బార్‌కోడ్ ఉంటే 1990 తర్వాతిది. కొడాక్ ఫిల్మ్ అంచున చిన్న వృత్తం, చతురస్రం, త్రికోణం లాంటి గుర్తులుంటాయి, అవి ఆ ఫిల్మ్ తయారైన సంవత్సరానికి కోడ్. కాకపోతే 20 ఏళ్ళకోసారి అవే గుర్తులు తిరిగి వస్తాయి, కాబట్టి మిగతా సాక్ష్యాలతో కలిపి చూడాలి. నా దానిలో బార్‌కోడ్ లేదు. స్కోప్ ఉంది, బార్‌కోడ్ లేదు, మొత్తమ్మీద 1974కీ 1990లకీ మధ్య ఎప్పుడో. సరిగ్గా మద్రాసు నుంచి ఇక్కడికి తెలుగు సినిమా సర్దుకుంటున్న రోజులు.

వాసన కూడా చూడండి. వెనిగర్‌లా ఘాటుగా పుల్లటి వాసన వస్తే ఫిల్మ్ కుళ్ళుతోందని అర్థం, వేరే ఫిల్మ్‌ల దగ్గర పెట్టకూడదు, వాటికీ అంటుకుంటుంది. అంచున సేఫ్టీ అని రాసి లేకుండా, 1950ల ముందుది అయ్యుండొచ్చనిపిస్తే ఇంట్లో ఉంచకండి. నైట్రేట్ ఫిల్మ్ అయితే భగ్గున అంటుకుంటుంది, నీళ్ళలో ముంచినా ఆరదు.

ఆ రోజు పక్క పట్టా మీద ఒక కర్ర రందా కూడా కొన్నాను. ఇక్కడ పేర్ల తమాషా చూడండి. తెలంగాణలో రందా అంటారు, ఆంధ్ర వైపు చాలాచోట్ల చిత్రిక, కొన్నిచోట్ల తోపడ. వార్తాపత్రికల్లో "సమాజాన్ని చిత్రిక పట్టిన నవల" అని రాస్తుంటారు. చిత్రం గీసింది అనుకుని రాస్తారు. చిత్రిక పట్టడం అంటే చెక్కని నున్నగా తోయడం! వృత్తుల వాళ్ళ మాటలు పోగొట్టుకుంటే ఇలాగే అవుతుందని కాబోలు, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఊరూరా తిరిగి మాండలిక వృత్తి పదకోశం వేయించింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మొదటి సంపుటం 1962లో వచ్చింది. సినిమా పనివాళ్ళ మాటలకి మాత్రం అలాంటి పుస్తకం నేను చూడలేదు.

ఇనుప రందాలైతే మూతి దగ్గర నంబరు పోతపోసి ఉంటుంది. స్టాన్లీ, రికార్డ్ కంపెనీలవి ఒకే లెక్క: 4 అంటే సుమారు 9 అంగుళాలు, నున్నన చేయడానికి. 5 అంటే 14 అంగుళాలు, మొదటి తోపుడుకి. 7 అంటే 22 అంగుళాలు, పొడుగు అంచులు సరిచేయడానికి. కర్ర రందాకి నంబరుండదు, బ్లేడు అంచు ఆకారమే దాని పేరు. తిన్నగా ఉంటే మామూలుది, వంపు తిరిగి ఉంటే తలుపు అంచులకి డిజైన్ తీసేది. కృష్ణానగర్ నుంచి వచ్చిందంటూ అమ్మాడు కాబట్టి ఇది "ఒక్కడు" చార్మినార్ సెట్‌కి పనిచేసింది అని మీకు చెబితే వ్యూస్ బాగా వస్తాయి. కానీ అలా చెప్పడానికి దీని మీద ఏ గుర్తూ లేదు. వెనకవైపు రెండు అక్షరాలు కాల్చి ఉన్నాయి, యజమాని పొడి అక్షరాలు. అంతవరకే తెలుసు.

పెట్టెలోవి ఎప్పుడు పనికిరాకుండా పోయాయి? ఒక్కరోజులో కాదు. 1990ల చివర్లో అవిడ్ వచ్చింది, ఎడిటింగ్ కంప్యూటర్‌లోకి వెళ్ళింది. ముందు పోయింది టేపు స్ప్లైసరూ, సింక్రొనైజరూ. వాటితోపాటు ఒక్కో ఎడిటింగ్ రూములో ముక్కలు వేలాడదీసి, నంబర్లు రాసి, వెతికి ఇచ్చే అసిస్టెంట్ల పని. నెగెటివ్ కటింగ్ ఇంకొన్నాళ్ళు నడిచింది, ఎందుకంటే ఎడిట్ కంప్యూటర్‌లో జరిగినా ప్రింటు నెగెటివ్ నుంచే రావాలి. డిజిటల్ ఇంటర్మీడియట్ వచ్చాక అదీ తగ్గిపోయింది. 2011 నాటికి పెద్ద కంపెనీలు ఫిల్మ్ కెమెరాల తయారీ ఆపేశాయి. 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. 2013లో ఫుజీ సినిమా షూటింగ్ ఫిల్మ్ తయారీ మానేసింది. థియేటర్లకి డబ్బాల బదులు ఉపగ్రహం ద్వారా, హార్డ్ డిస్కుల ద్వారా సినిమా వెళ్ళడం మొదలైంది. కొందరు ఎడిటర్లు రెండు కాలాలూ చూశారు, చేత్తో కోయడం నేర్చుకుని, మౌస్‌తో కోయడానికి మారారు. చేతులు మార్చుకోలేని వాళ్ళ పెట్టెలు మంచాల కిందికి వెళ్ళాయి. ఇల్లు మారినప్పుడు సంతకి.

ఇనుము రేటు అన్నాను కదా, ఫిల్మ్‌కి కూడా ఒక రేటుండేది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద పొరలో వెండి ఉంటుంది. దాన్ని కరిగించి వెండి తీయడానికి పాత ప్రింట్లు కొనేవాళ్ళు. 1921 నాటి "భీష్మ ప్రతిజ్ఞ" లేదు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" లేదు. వాటి గురించి రాసిన వ్యాసాలు చదవగలం, సినిమాలు చూడలేం. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో మొదలయ్యేటప్పటికే చాలా పోయాయి.

కాబట్టి ఒక చిన్న పని అడుగుతాను. మీ ఇంట్లో తాతగారో, మేనమామో స్టూడియోల్లో పనిచేసిన వాళ్ళుంటే, అటక మీద ఇలాంటి పెట్టె ఉంటే, ముందు తుడవకండి. తుప్పు గీకకండి, గరుకు కాగితం పెట్టకండి. మొత్తం పెట్టెని ఎలా ఉందో అలా ఒక ఫొటో, తర్వాత ఒక్కో వస్తువునీ ముందు, వెనక, కింద, పక్కన స్కేలు పెట్టి. అంకెలూ, కాల్చిన అక్షరాలూ, రంగుతో వేసిన స్టూడియో నంబర్లూ దగ్గర్నుంచి. ఫిల్మ్ ముక్క ఉంటే తెల్ల స్క్రీన్ ఆన్ చేసిన ఫోన్ మీద పెట్టి, ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి, అంచులు కూడా పడేలా. వాడిన మనిషి ఉంటే ఆయన చేతికిచ్చి, ఎలా పట్టుకుంటారో ఒక నిమిషం వీడియో తీయండి. పేరు అడగండి, ఆయన ఏమనేవారో అదే మాట రాసుకోండి, నేను చెప్పిన పేరు కాదు.

నా స్ప్లైసర్ హ్యాండిల్‌కి ఎడమవైపు రంగు అరిగిపోయి ఉంది, కుడివైపు లేదు. ఇన్నాళ్ళూ వాడిన మనిషి ఎడమచేతి వాటమా, లేక కుడిచేత్తో ఫిల్మ్ పట్టుకుని ఎడమచేత్తో నొక్కేవారా? ఆ రోజుల్లో ఎడిటింగ్ టేబుల్ మీద పనిచేసిన వాళ్ళు ఎవరైనా చూస్తుంటే, కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ రందా బ్లేడు పదును పెట్టి చూద్దాం.